క్లోరిన్ 3 చూపిస్తున్నా కొలను పది రోజులకోసారి పచ్చబడుతోంది

కొత్తకొలను:
మా పెరట్లోని ఈతకొలను ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు ఉంటుంది. అడుగుకూ గోడలకూ సిమెంటు పూత వేయించాము, నీటి అంచు వెంట ఒక వరుస టైల్స్ ఉన్నాయి. ఇసుక ఫిల్టర్ ఉంది, పంపు రోజూ ఎనిమిది గంటలు నడుస్తుంది. నీటిలో తేలే డబ్బాలో వారానికి రెండు చొప్పున 200 గ్రాముల క్లోరిన్ బిళ్ళలు వేస్తున్నాను, ఎనిమిది నెలలుగా ఇదే పద్ధతి. మొదట్లో అడుగున పడిన గుండుసూది కూడా కనిపించేటంత తేటగా ఉన్న నీరు, రెండు నెలలుగా పది రోజులకోసారి తిరగబెడుతోంది. మెట్ల మూలలో కాలు పెడితే జారుతుంది, మర్నాటికి గోడల మీద పచ్చని పొర కడుతుంది, మూడో రోజుకు నీరంతా పచ్చబడుతుంది. నాచుమందు పోసినప్పుడు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. పరీక్ష పట్టీ ప్రకారం క్లోరిన్ 3 పీపీఎం (నీటిలో పది లక్షల పాళ్ళకు 3 పాళ్ళు), పిహెచ్ 7.8 ఉన్నాయి. నీటిలో క్లోరిన్ ఉండగానే నాచు ఎలా పెరుగుతోందో నాకు అంతుపట్టడం లేదు.

పొదరిల్లు:
రాగి కలిసిన నాచుమందు ఒకసారి వాడి చూడండి. రాగి నాచును చంపుతుందన్నది కొత్త సంగతేమీ కాదు, పైగా క్లోరిన్‌లాగా ఎండకు ఎగిరిపోకుండా నీటిలోనే ఉండిపోతుంది. నేను ఏడాదికి రెండుసార్లు పోస్తాను, ఇప్పటిదాకా నాచు ముఖం చూడలేదు.

పంపుగది:
రాగి మాట తరువాత చూద్దాము. కొత్తకొలను గారూ, ముందుగా మీ నీటిలో స్టెబిలైజర్, అంటే సయాన్యూరిక్ ఆమ్లం, ఎంత ఉందో కొలిచి చెప్పండి. మీరు వేస్తున్న బిళ్ళల డబ్బా మీద ట్రైక్లోర్ అన్న మాట ఉంటే నా అనుమానం చాలావరకు నిజమవుతుంది, ఎందుకంటే ట్రైక్లోర్ బిళ్ళ కరిగిన ప్రతిసారీ క్లోరిన్‌తో పాటు ఆ ఆమ్లాన్ని కూడా నీటిలో వదులుతుంది. క్లోరిన్ నాలుగు రోజుల్లో ఖర్చైపోతుంది, ఆమ్లం మాత్రం ఎండకు పోదు, ఫిల్టర్‌లో ఆగదు, నీరు ఆవిరైనా అక్కడే మిగులుతుంది. పట్టీలతో దీన్ని కొలవవద్దు, అవి ఈ ఒక్క విషయంలో మరీ మోసం చేస్తాయి. నల్లచుక్క గొట్టంతో చేసే పరీక్ష తెప్పించుకోండి.

కొత్తకొలను:
డబ్బా మీద ట్రైక్లోర్ అనే ఉంది. ఈ రోజు ఉదయం నల్లచుక్క పరీక్ష చేశాను. కొలను నీటిలో మందు కలిపితే పాలు విరిగినట్టు తెల్లబడింది, ఆ నీటిని గొట్టంలో కొద్దికొద్దిగా పోస్తూ అడుగున ఉన్న చుక్క ఎప్పుడు మాయమవుతుందో చూడాలన్నారు. నేను పావు గొట్టం కూడా పోయకముందే, 100 గీతకు ఇంకా చాలా దిగువనే, చుక్క కనిపించకుండా పోయింది. గొట్టం మీద 100 దాటి గీతలు లేవు. ఇది 100 అనుకోవాలా?

పంపుగది:
అనుకోకూడదు. సగం కొలను నీరు, సగం కుళాయి నీరు కలిపి మళ్ళీ చేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. ఎండకు వీపు పెట్టి, గొట్టాన్ని నడుము ఎత్తులో పట్టుకొని చూడండి.

కొత్తకొలను:
సగం సగం కలిపితే 70 వచ్చింది, అంటే 140.

పంపుగది:
నేను అనుకున్నంతా అయింది. లెక్క చూడండి. మీ కొలనులో 48 ఘనపు మీటర్లు, అంటే 48,000 లీటర్ల నీరు ఉంది. కాబట్టి ఒక పీపీఎం అంటే 48 గ్రాములు. 200 గ్రాముల ట్రైక్లోర్ బిళ్ళలో క్లోరిన్ 90 శాతం లెక్కన 180 గ్రాములు, మీ నీటికి అది 3.75 పీపీఎం. ట్రైక్లోర్ ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌కు సుమారు 6 పీపీఎం స్టెబిలైజర్‌ను చేరుస్తుంది గనుక ఒక్కో బిళ్ళకు 2.25 పీపీఎం చొప్పున, వారానికి రెండు బిళ్ళలకు 4.5 పీపీఎం పెరుగుతూ వచ్చింది. ఎనిమిది నెలలకు అది 150 దాటాలి, బ్యాక్‌వాష్‌లోనూ (ఫిల్టర్‌లో నీటిని వెనక్కి నడిపి కడగడం) ఒలికిపోవడంలోనూ కొంత పోగా మీకు 140 తేలింది. తప్పు మీ శ్రద్ధలో లేదు, బిళ్ళల్లో ఉంది.

నాచు పుట్టకుండా ఉండాలంటే స్వేచ్ఛా క్లోరిన్, అంటే మీ పట్టీ చూపే క్లోరిన్, ఎప్పుడూ స్టెబిలైజర్‌లో 7.5 శాతానికి తగ్గకూడదన్నది మాలో చాలామంది పాటించే లెక్క. 140కి అది పదిన్నర అవుతుంది. మీరు 3 దగ్గర ఉంచారు. మీ పట్టీ అబద్ధం చెప్పలేదు, ఆ 3 నిజంగానే ఉంది, కానీ ఆ నీటికి 3 చాలదు.

నీలిగచ్చు:
స్టెబిలైజర్ ఉంటేనే క్లోరిన్ ఎండకు నిలుస్తుందని అందరూ చెబుతారు కదా, అదే ఎక్కువైతే కీడు ఎందుకు చేస్తుంది? ఈ సంగతి నాకు ఎన్నడూ సరిగా అర్థం కాలేదు.

తేటనీరు:
నీటిలో నాచునూ సూక్ష్మజీవులనూ చంపే పని చేసేది హైపోక్లోరస్ ఆమ్లం. నేరుగా ఎండ తగిలే నీటిలో అది గంట గడిచేసరికి సగానికి పైగా విరిగిపోతుంది. సయాన్యూరిక్ ఆమ్లం ఉన్నప్పుడు క్లోరిన్‌లో ఎక్కువ భాగం దానికి అంటుకొని ఉంటుంది, అంటుకున్న క్లోరిన్‌ను ఎండ అంత తేలికగా విరగగొట్టలేదు. అయితే అంటుకున్న క్లోరిన్ నాచును కూడా చంపలేదు. విడిగా ఉన్న హైపోక్లోరస్ ఆమ్లం ఖర్చైన కొద్దీ అంటుకున్నది విడివడి ఆ లోటు పూడుస్తుంది, కనుక 30 నుంచి 50 పీపీఎం వరకు స్టెబిలైజర్ మేలే చేస్తుంది. అది పెరిగే కొద్దీ విడిగా మిగిలే భాగం మరీ పలచబడి, నాచు చచ్చే వేగం కంటే పెరిగే వేగం ఎక్కువవుతుంది. పరీక్ష మందు అంటుకున్నదాన్నీ విడిగా ఉన్నదాన్నీ కలిపి లెక్కించి చూపిస్తుంది, అందుకే అంకె బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

పిహెచ్ సంగతి కూడా చెప్పాలి. స్టెబిలైజర్ లేని నీటిలో పిహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం హైపోక్లోరస్ రూపంలో ఉంటే, 8 దగ్గర నాలుగో వంతుకు పడిపోతుంది. స్టెబిలైజర్ ఉన్న నీటిలో ఈ తేడా అంత తీవ్రంగా ఉండదు, అందుకని పిహెచ్ ఒక్కటే సరిచేస్తే కొత్తకొలను గారి సమస్య తీరదు.

నీలిగచ్చు:
ఇన్నాళ్ళకు ఎవరో విడమరచి చెప్పారు, కృతజ్ఞతలు. మరి ఫాస్ఫేట్ల మాటేమిటి? నాచుకు ఆహారం అవే కదా, వాటిని తీసివేసే మందు వేస్తే నాచు ఆకలితో చస్తుందని విన్నాను.

పంపుగది:
ఫాస్ఫేట్ నాచుకు ఆహారమే, కాదనను. కానీ రాలిన ఆకులు, వాన నీటితో కొట్టుకొచ్చిన మట్టి, తోట ఎరువు, కొన్ని కొళాయి నీళ్ళు కూడా దాన్ని మళ్ళీ మళ్ళీ తెచ్చి పోస్తూనే ఉంటాయి. క్లోరిన్ చాలినంత ఉన్న కొలనులో ఫాస్ఫేట్ ఎంత ఉన్నా నాచు బతకదు, క్లోరిన్ చాలని కొలనులో ఫాస్ఫేట్ తీసివేసినా కొన్నాళ్ళ ఊరటే. ఆ మందు వేస్తే నీరు రెండు రోజులు పాలలా మసకబారుతుంది, ఫిల్టర్‌కు అదనపు పని పడుతుంది. నేను దాని జోలికి పోను.

మెట్లంచు:
పొదరిల్లు గారు చెప్పిన రాగి మందు గురించి నా అనుభవం రాయడం అవసరమనిపించింది. నేనూ అలాగే ప్రతి చిన్న పాకుడుకూ రాగి మందు పోస్తూ వచ్చాను. ఒక రోజు పిహెచ్ బాగా పెరిగిన నీటిలో క్లోరిన్ పోయగానే నీరు పచ్చబడింది. నాచు అనుకొని ఇంకా క్లోరిన్ పోశాను, ఇంకా పచ్చబడింది. చిత్రమేమిటంటే ఆ పచ్చని నీటిలోంచి అడుగు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. తెల్లని బకెట్‌లో తీసి చూస్తే లేత పచ్చని గాజులా ఉంది, వేలితో రుద్దితే జిడ్డు లేదు, ఎంతసేపు ఉంచినా అడుగున ఏమీ పేరుకోలేదు. నాచు పట్టిన నీరు మసకగా ఉంటుంది, లోహం కలిసిన నీరు తేటగా ఉంటుంది, ఈ తేడా నాకు అప్పటికి తెలియదు. వారం తిరిగేసరికి మెట్ల అంచుల వెంట నీలిపచ్చ మరకలు పడ్డాయి, లేత రంగు జుట్టున్న మా అతిథి ఒకరి వెంట్రుకలు పచ్చబారాయి. రాగిని క్లోరిన్ తొలగించలేదు, చివరికి నీళ్ళు మార్చుకోవలసి వచ్చింది. మరకలు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పొదరిల్లు:
నేను కొలతకు మించి పోయను, కనుకనే నాకు ఆ బెడద రాలేదేమో. మీరు చెప్పిన తరువాత ఈసారి నా నీటిలో రాగి ఎంత ఉందో పరీక్షిస్తాను. రాగి లేని నాచుమందులు ఏమైనా పనికొస్తాయా?

పంపుగది:
పాలీక్వాట్ రకంతో మరకలు పడవు, నురుగు కూడా రాదు. కొన్నాళ్ళు ఇంట్లో ఉండని సమయంలో ముందుజాగ్రత్తగా వేసుకోవచ్చు. చవకగా దొరికే మామూలు క్వాట్ మందులు మాత్రం నీరు కొలనులోకి తిరిగి వచ్చే రిటర్న్ గొట్టం దగ్గర సబ్బు నురుగు తేలుస్తాయి. పచ్చబడ్డ కొలనును తేటపరచే పని ఏ నాచుమందుకూ అప్పగించకండి.

కొత్తకొలను:
స్టెబిలైజర్‌ను తగ్గించే మార్గం నీళ్ళు మార్చడమేనా? 140 నుంచి 40కి రావాలంటే దాదాపు మూడు వంతుల్లో రెండు వంతులకు పైగా తోడేయాలి. ఒక్కసారిగా తోడేయనా?

గట్టుమీద:
దయచేసి తొందరపడవద్దు. మీ నేలలో ఊట నీరు పైకి ఉన్న రోజుల్లో కొలనును ఖాళీ చేస్తే, కింది నీటి ఒత్తిడికి కొలను గుల్ల మొత్తం పడవలా పైకి లేచే ప్రమాదం ఉంది. ఫైబర్‌గ్లాస్ కొలనులకూ ప్లాస్టిక్ లైనర్ ఉన్నవాటికీ ఈ భయం మరీ ఎక్కువ, లైనర్ ముడతలు పడి చిరుగుతుంది కూడా. వానలు తగ్గాక, సగం సగం చొప్పున రెండు విడతలుగా మార్చండి. ఒకసారి సగం మారిస్తే 70, మళ్ళీ సగం మారిస్తే 35. ఒకేసారి తోడే పద్ధతితో పోలిస్తే నీళ్ళు కొంత ఎక్కువ ఖర్చవుతాయి, గుల్లకు మాత్రం భద్రం. పంపు ఖాళీగా తిరగకుండా స్కిమ్మర్ (నీటి పైమట్టాన్ని లాగే గోడ కన్ను) వైపు వాల్వు మూయడం మరవకండి.

కొత్తకొలను:
రెండు విడతలుగా మార్చడం నిన్నటితో పూర్తయింది. స్టెబిలైజర్ ఇప్పుడు 40 దగ్గర ఉంది. తోడినప్పుడు గోడల మీద మిగిలిన నాచు కొత్త నీటిలోకి దిగి, ఈ నీరూ పచ్చగానే ఉంది. ఇక క్లోరిన్ ఎంత పోయాలి?

పంపుగది:
ముందుగా యాసిడ్ పోసి పిహెచ్‌ను 7.2కు దించండి. క్లోరిన్ 10 దాటాక పిహెచ్ పరీక్షలో ఎరుపు రావలసిన చోట ఊదారంగు వచ్చి, లేని పెరుగుదలను చూపిస్తుంది, అందుకని ఆ తరువాత దాని జోలికి వెళ్ళకూడదు. యాసిడ్ పోసిన గంటకు, పంపు నడుస్తుండగా, క్లోరిన్ మొదలుపెట్టవచ్చు.

పచ్చబడ్డ నీటిలో నాచును చంపడానికి క్లోరిన్ స్టెబిలైజర్‌లో 40 శాతం ఉండాలి, అంటే మీకు 16 పీపీఎం. 16ను 48 గ్రాములతో గుణిస్తే 768 గ్రాముల క్లోరిన్ కావాలి. లీటరుకు 100 గ్రాముల క్లోరిన్ ఉన్న ద్రవ క్లోరిన్ అయితే సుమారు 7.7 లీటర్లు. ఎండలో నిలవున్న ద్రవం బలం కోల్పోయి ఉంటుంది, కనుక కొత్తది తెచ్చుకోండి. ఒకసారి పోసి ఊరుకుంటే మీరు ఇంతకుముందు చేసిందే మళ్ళీ చేసినట్టవుతుంది. నాచు క్లోరిన్‌ను తింటూ ఉంటుంది, మీరు 16 దగ్గర నిలుపుతూ ఉండాలి. మొదటి రోజు ఒకటి రెండు గంటలకోసారి కొలిచి తగ్గినంత పోయండి, తరువాత పూటకు రెండుసార్లు చాలు. పంపును రాత్రింబగళ్ళు నడపండి, రోజూ గోడలన్నిటినీ బ్రష్‌తో రుద్దండి. రుద్దకపోతే పై పొర చచ్చి లోపలి పొరను కాపాడుతుంది.

ఆపవలసిన సమయానికి మూడు గుర్తులు కలిసి రావాలి: నీరు తేటపడాలి, కలిసిపోయిన క్లోరిన్ (మలినాలతో కలిసి బలం పోయినది) 0.5 పీపీఎం దాటకూడదు, సూర్యాస్తమయం తరువాత కొలిచి తెల్లవారకముందే మళ్ళీ కొలిస్తే రాత్రి తరుగు ఒక పీపీఎం దాటకూడదు. రాత్రి ఎండ ఉండదు కనుక తగ్గిందంటే దేన్నో చంపుతూ తగ్గినట్టే.

తేటనీరు:
ఒక మాట కలుపుతాను. మామూలు గులాబిరంగు పరీక్షలో క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగే తెల్లబోయి, గొట్టంలో నీరు సున్నా ఉన్నట్టు కనిపిస్తుంది. నేను మొదటి ఏడాది ఆ సున్నాను నమ్మి మూడుసార్లు పోశాను. మందు పడిన క్షణంలో గులాబి మెరుపు వచ్చి మాయమైతే అది సున్నా కాదు. చుక్కలు లెక్కపెట్టి చేసే పొడి పరీక్ష ఈ పనికి సరైనది.

గట్టుమీద:
మిగిలిన ట్రైక్లోర్ బిళ్ళలను ఏ బ్లీచింగ్ పౌడర్‌తోనూ, కాల్షియం హైపోక్లోరైట్‌తోనూ కలిపి ఉంచవద్దు, ఒకే కొలత గిన్నె వాడవద్దు, తేలే డబ్బాలో రెండూ వేయవద్దు. అవి కలిస్తే మంట పుడుతుంది, పేలుతుంది. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు వస్తుంది. మందును నీటిలో వేయాలి తప్ప మందు మీద నీరు పోయకూడదు. ఇంకొకటి, అడుగు కనిపించేదాకా ఎవరినీ నీటిలోకి దిగనివ్వకండి. పచ్చని నీటిలో మునిగిన మనిషి గట్టు మీద నిలబడ్డవారికి కనిపించడు.

కొత్తకొలను:
మూడో రోజు సమాచారం. మొదటి సాయంత్రం 16కు తెస్తే గంటకే 9కి పడిపోయింది. నాలుగుసార్లు పోయవలసి వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నానికి పచ్చదనం పోయి నీరు బూడిదరంగు పాలలా మారింది, ఇది చచ్చిన నాచే అనుకుంటున్నాను. ఫిల్టర్ గేజీ శుభ్రంగా ఉన్నప్పుడు 12 పీఎస్ఐ ఒత్తిడి చూపేది 21కి ఎక్కింది, బ్యాక్‌వాష్ తెరిస్తే అద్దంలో ముదురు పచ్చని చారు పరుగెత్తింది. పటిక వేసి అడుగుకు దించేయవచ్చా అని ఒకరు అడిగారు.

పంపుగది:
పటిక వేస్తే చచ్చినదంతా అడుగున పేరుకుంటుంది నిజమే, కానీ దాన్ని ఫిల్టర్ గుండా కాక నేరుగా బయటికి వాక్యూమ్ చేయాలి, అంటే మళ్ళీ నీరు పోగొట్టుకోవాలి. మీకు తొందర లేకపోతే ఫిల్టర్‌కే వదిలేయండి. గేజీ శుభ్రమైన అంకె కంటే 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగినప్పుడే బ్యాక్‌వాష్ చేయండి. ఇసుక కాస్త మురికి పట్టినప్పుడే సన్నని తుక్కును బాగా పట్టుకుంటుంది, గంటగంటకూ కడిగితే ఆ మేలు పోతుంది.

నల్లమచ్చ:
మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా కొలనులో నీరు తేటగానే ఉంటుంది, టైల్స్ సందుల్లో మాత్రం మిరియపు గింజంత నల్లని చుక్కలు పుట్టి, బ్రష్‌కు లొంగడం లేదు. ఇది కూడా నాచేనా?

తేటనీరు:
అందరూ నల్ల నాచు అనే అంటారు, నిజానికి అది సయనోబాక్టీరియా. సిమెంటు సూక్ష్మరంధ్రాల్లోకి పాతుకుపోయి, పైన జిగురు పొర కప్పుకొని ఉంటుంది. ఆ పొర చీలకుండా ఎంత క్లోరిన్ పోసినా లోపలికి దిగదు. సిమెంటు పూత అయితే స్టీలు బ్రష్‌తో ప్రతి చుక్కను గీకాలి, ఫైబర్‌గ్లాస్, లైనర్ కొలనుల్లో నైలాన్ బ్రష్ తప్ప వాడకూడదు. గీకిన వెంటనే పైన చెప్పిన 40 శాతం మోతాదులో క్లోరిన్ నిలపాలి. ఇది వారాల పని. గోడ నీడపట్టున పసుపు దుమ్ములా పేరుకొని, బ్రష్ తగలగానే పొగలా లేచిపోయేది వేరే రకం, దానికి చివరన ఒక రోజు స్టెబిలైజర్‌లో 60 శాతం దాకా క్లోరిన్ పెంచుతారు. నీటి బొమ్మలను, వాక్యూమ్ గొట్టాన్ని, బ్రష్‌ను కూడా అదే నీటిలో నానబెట్టకపోతే అది వాటి మీద ఎక్కి తిరిగి వస్తుంది.

కొత్తకొలను:
ఎనిమిదో రోజు. లోతు వైపు అడుగు జాలీకి ఉన్న స్క్రూలు కూడా లెక్కపెట్టగలుగుతున్నాను. అయినా మూడు రాత్రులుగా తరుగు 2 పీపీఎం దగ్గరే ఆగిపోయింది, దిగడం లేదు. కలిసిపోయిన క్లోరిన్ 0.5 లోపే ఉంది. గోడల మీద చూడడానికి ఏమీ లేదు.

పంపుగది:
ఎక్కడో దాక్కొని ఉంది. నిచ్చెన గొట్టాల మూతలు, స్కిమ్మర్ తలుపు వెనుక, మెట్ల కింది ఖాళీ వెతకండి. అన్నిటికంటే ముందు నీటిలో ఉన్న దీపం. దాని వెనుక గూడులోకి నీరు పోతుంది, ప్రవాహం పోదు, బ్రష్ పోదు. మెయిన్ స్విచ్ దగ్గరే కరెంటు ఆపి, పైనున్న ఒక్క స్క్రూ తీస్తే దీపం బయటికి వస్తుంది, తీగ గట్టు దాకా చాలినంత పొడవు ఉంటుంది.

కొత్తకొలను:
మీరు చెప్పినట్టే కరెంటు ఆపి దీపం తీశాను. గూడులోంచి చిక్కటి పచ్చని పొగలాంటిది లేచింది, చేయి పెడితే దోసెడు పాకుడు వచ్చింది. తీగ చుట్టలన్నిటికీ జారుడు పొర పట్టి ఉంది. సీసాలు కడిగే సన్న బ్రష్‌తో లోపల రుద్ది, క్లోరిన్ తిరిగి 16కు తెచ్చాను. నిన్న రాత్రి తరుగు 0.5. ఇకపై ద్రవ క్లోరిన్ రోజూ సాయంత్రం పోస్తూ 4 నుంచి 5 మధ్య నిలుపుతాను. మిగిలిన బిళ్ళల డబ్బాను ఏం చేయమంటారు?

పంపుగది:
మూత బిగించి, పొడి చోట, యాసిడ్‌కు దూరంగా ఉంచండి. ఊరికి వెళ్ళి నాలుగు రోజులు ఇంట్లో లేనప్పుడు ఒక బిళ్ళ వేసుకోండి, తిరిగి వచ్చాక స్టెబిలైజర్ లెక్కలో ఆ 2.25 కలిపి రాసుకోండి. రిటర్న్ కన్నును కూడా కాస్త కిందికి, దీపం వైపు తిప్పండి. ఈతకు దిగాలంటే క్లోరిన్ దానంతట అది 5కు దిగేదాకా కొన్ని రోజులు ఎండకు వదిలేయడమే నయం.

కొత్తకొలను:
పిల్లలు ఆగేలా లేరు గాని, 5కే దిగుతాము.